లాజరు దించిన శ్రుతి

రేపల్లె స్టేషన్ దగ్గర పట్టాలు అయిపోతాయి. రైలు అక్కడే పుట్టి, అక్కడినుంచే వెనక్కి తెనాలి వెళ్తుంది. అందుకని రేపల్లెవాళ్ళకి సీటు కోసం తోసుకునే అలవాటు లేదు. అయినా లాజరు ఎప్పుడూ అరగంట ముందే వచ్చి, ఖాళీ పెట్టెలో కిటికీ పక్కన కూచుని, ఎదుటి సీటు మీదికి కాళ్ళు చాపుకుంటాడు. చూసినవాళ్ళు ముసలాయనకి మర్యాద తెలీదనుకుంటే అనుకోనీ. నలభై నాలుగేళ్ళు హార్మోనియం తొక్కిన కాళ్ళవి.

నాటకాల హార్మోనియం ఒళ్ళో పెట్టుకునేది కాదు. బల్లంత ఉంటుంది. కింద రెండు పెడళ్ళు, పైన మెట్లు. కాళ్ళతో గాలి తొక్కుతూ రెండు చేతులా వాయించాలి. ఒక్కో ఆర్టిస్టు ఒక్కో ఊరినుంచి దిగి, మేకప్ గదిలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, రిహార్సలనేది లేకుండా స్టేజీ ఎక్కే నాటకాలవి. ఎవరి శ్రుతి ఎంతో, ఎవరు ఎక్కడ రాగం లాగుతారో, ఎవరికి ఎక్కడ ఊపిరి అందదో, అదంతా హార్మోనిస్టు కడుపులో ఉండాలి. ఇన్నేళ్ళు తొక్కిన తొక్కుడికి సైకిలైతే కాశీ పోయి తిరిగొచ్చేవాణ్ణని లాజరు అంటే, "మనకి కాశీ ఎందుకయ్యా, యెరూషలేము పో" అంటుంది భార్య రిబ్కా, నవ్వకుండా.

ఆ రోజు మాత్రం లాజరు వెంట హార్మోనియం లేదు. బాపట్ల వెళ్తున్నాడు, వాయించడానికి కాదు, వినడానికి. రాత్రంతా నిద్ర పట్టలేదు. అరవై ఏడేళ్ళ వయసులో నిద్ర పట్టకపోవడం పెద్ద వింత కాదుగానీ, ఈసారి కారణం కాళ్ళ నొప్పులు కాదు. ఆయన నోటినుంచి రావలసిన ఒక మాట తొమ్మిదేళ్ళుగా రాలేదు. ఇవాళ మధ్యాహ్నంలోగా రాకపోతే తెనాలి కనకమహాలక్ష్మి పదిమందిలో పరువు పోగొట్టుకుంటుంది.

కనకమహాలక్ష్మికి అరవై ఒకటి. రాణి వేషాలకి పెట్టింది పేరు. వారం కిందట ఫోన్ చేసింది. "అన్నయ్యా, హైదరాబాదునుంచి పిలుపొచ్చింది," అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. సంగీతం, సినిమా కలిపి మూడు రోజుల పెద్ద ఉత్సవమట. ఎనభై ఏళ్ళు దాటిన సినిమా ముక్క ఒకటి ఎక్కడో దొరికిందట. బొమ్మ బాగానే ఉంది, శబ్దం పూర్తిగా పాడైపోయింది. అందులో రాణి చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో వేసుకుని పద్యం పాడుతుంది. ఆ బొమ్మ తెర మీద ఆడుతుంటే, తెర ముందు నిలబడి ఆ పద్యం ఈవిడ పాడాలి. ఉత్సవం జనవరిలో. ఈలోగా బాపట్లలో ప్రివ్యూ చూసి, ఖాయం చేసుకుంటారు.

"నన్ను రమ్మన్నారా?" అన్నాడు లాజరు.

"వాయిద్యాలన్నీ ముందే రికార్డు చేసేశారన్నయ్యా. ట్రాకట. బొమ్మ పెదాలకి సరిపోవాలిగా మరి. నువ్వు ఊరికే వచ్చి విను. నువ్వు ఎదురుగా ఉంటే నాకు ధైర్యం." ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. "రికార్డింగుకి ముందు ఫారం ఒకటి పంపారు. శ్రుతి ఎంత అని ఒక గడి ఉంది. ఆరు అని రాశా. అందరికీ కనపడాలని పక్కన నక్షత్రం గుర్తు కూడా పెట్టా."

లాజరు చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

హార్మోనియం మెట్లలో తెల్లవాటికి పూర్తి అంకెలు, వాటి మధ్య నల్లవాటికి అర అంకెలు. అంకె పెరిగినకొద్దీ గొంతు పైకి వెళ్ళాలి. నాటకాలవాళ్ళకి శ్రుతి అంకె పరువు. వయసు తక్కువ చెప్పుకునే మనుషులే, శ్రుతి దగ్గరికొచ్చేసరికి ఎక్కువ చెప్పుకుంటారు. ఆరు శ్రుతి కనకమహాలక్ష్మి అంటే పల్నాడులో కూడా తెలుసు. నిజమే, ఆవిడ ఆరులో పాడింది. తొమ్మిదేళ్ళ కిందటి దాకా.

తొమ్మిదేళ్ళ కింద ఆవిడ మెడకి ఆపరేషనైంది. మూడు నెలలు మాట కూడా గుసగుసే. ఆ రోజుల్లో లాజరు చూడ్డానికి వెళ్తే, పలక మీద రాసినంత మెల్లిగా చెప్పింది. "గొంతు తగ్గిన రోజు అందరికంటే ముందు తెలిసేది నీకే అన్నయ్యా. ఆ రోజు నువ్వే నాకు చెప్పాలి. వెనక బెంచీలవాళ్ళు ఈల వేసి చెప్పేదాకా నన్ను నిలబెట్టొద్దు. నీ బైబిలు మీద ఒట్టెయ్యి."

"మేం ఒట్లు పెట్టుకోకూడదమ్మా," అన్నాడు లాజరు. "అవునంటే అవును, కాదంటే కాదు. అంతే."

"అయితే అవునను."

"అవును," అన్నాడు.

ఆపరేషను తర్వాత మొదటి నాటకం వేమూరులో. జనం విరగబడి వచ్చారు. మొదటి పద్యం ఎత్తుకోకముందే, ఆవిడ గొంతు సవరించుకోవడంలోనే లాజరుకి తెలిసిపోయింది. ఈ గొంతు ఆరులో పై షడ్జం దాకా పోదు. అప్పటికప్పుడు ఆవిడకి చెప్పే వీలేదీ? ఎదురుగా జనం. వేలు ఒక మెట్టు కిందికి జరిపాడు. ఐదున్నర. పక్కన తబలా మీదున్న నరసింహం తల తిప్పి చూశాడు, ఏమీ అనకుండా సుత్తి తీసుకుని తబలా దించుకున్నాడు. ఆవిడ పాడింది. జనం వన్స్‌మోర్ కొట్టారు. మళ్ళీ పాడింది. నాటకం అయ్యాక మేకప్ గదిలో కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆపరేషను నా గొంతు ముట్టుకోలేదన్నయ్యా," అంది.

ఆ క్షణాన చెప్పాల్సింది. చెప్పలేకపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు అనేది రైలు లాంటిది కాదు, ఎంతసేపు నిలబడ్డా స్టేషనుకి రాదు. రెండేళ్ళకి ఐదు చేశాడు. ఇంకో మూడేళ్ళకి నాలుగున్నర. ఇంట్లో సాధన చేసుకునే కరెంటు శ్రుతి పెట్టెకి కూడా తనే మీట తిప్పి, దాని మీద ప్లాస్టరు అంటించి, "ముట్టుకోకమ్మా, పాడవుద్ది," అని చెప్పి వచ్చాడు. తోటి ఆర్టిస్టుల్లో గ్రహించినవాళ్ళు లేకపోలేదు. కానీ పెద్ద ఆర్టిస్టు శ్రుతి ఎంత అని ఎవరూ అడగరు, అది అక్కడి మర్యాద. నరసింహం రెండేళ్ళ కిందట చనిపోయాడు. గుట్టు మొత్తం లాజరు ఒక్కడి నెత్తినే పడింది.

జాలితోనే చేశావా లాజరూ అని ఎవరైనా గట్టిగా అడిగితే ఆయన తల దించుకుంటాడు. లాజరు ఉంటేనే నేనొస్తానని కాంట్రాక్టర్లకి చెప్పేది ఆవిడే. ఆవిడ మానేస్తే, కీబోర్డులు వాయించే పిల్లలుండగా, కాళ్ళతో తొక్కే ముసలాణ్ణి పిలిచేదెవరు? ఆ సంగతి దేవుడికీ తెలుసు, రిబ్కాకీ తెలుసు.

"ఇవాళైనా చెప్పు," అంది రిబ్కా ఉదయం టిఫిన్ గిన్నె సంచిలో పెడుతూ. "అబద్ధమాడినవాడు ఒకసారి ఆడి ఊరుకుంటాడు. నువ్వు తొమ్మిదేళ్ళనుంచి వాయిస్తున్నావు."

తెనాలి ప్లాట్‌ఫారం మీద కనకమహాలక్ష్మి కనిపించింది. గంధం రంగు పట్టుచీర, నడినెత్తిన కళ్ళజోడు, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఆ ఫారం నకలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి పెళ్ళి శుభలేఖలా పట్టుకుంది. ఇద్దరూ బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరెక్కారు.

చుండూరు దాటాక చెబుదామనుకున్నాడు లాజరు. చుండూరు దాటేసరికి ఆవిడ పద్యం కాగితం తీసి, "ఈ నాలుగో పాదం చివర రాగం ఎంతసేపు తియ్యమంటావ్?" అంది. బొమ్మలో రాణి నోరు పదకొండు సెకన్లే తెరిచి ఉంటుందట, ఆ పైన తీస్తే కుదరదట. మొత్తం అంశం ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఇదివరకు ఆవిడకి గొంతు సవరించుకోవడానికే అంత పట్టేది. మోదుకూరులో చెబుదామనుకున్నాడు. అప్పుడు ఆవిడ టిఫిన్ గిన్నె విప్పి, ఇడ్లీ సగం తుంచి ఆయన చేతిలో పెట్టింది. నిడుబ్రోలులో మామిడిపళ్ళ రంగు చొక్కా వేసుకున్న ఒకాయన ఎక్కి ఆవిణ్ణి గుర్తుపట్టి, "అమ్మా, మీరు ఆరు శ్రుతి కదండీ, మా నాన్న చెబుతుండేవాడండి," అన్నాడు. ఆవిడ లాజరు వంక చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూశాక అప్పికట్ల కూడా దాటిపోయింది.

ప్రివ్యూ బాపట్లలో ఒక ఏసీ కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికొడుకు కూర్చునే చోట తెర కట్టారు. ఉత్సవం తాలూకు మనిషి పేరు విజయసారథి. నలభై లోపే, మెడలో కార్డు, చేతిలో ట్యాబు, కళ్ళకింద నల్లటి చారలు. పది రోజుల్లో ఆరు జిల్లాలు తిరిగాడట. మర్యాదస్తుడు. "అమ్మా, మీది పద్నాలుగో అంశమండి. రెండో రోజు సాయంత్రం. ముందు బొమ్మ ఒకసారి చూడండి, తర్వాత పాడదాం," అన్నాడు. ఆయన కూడా అలిసిపోయిన మనిషేనని లాజరుకి అర్థమైంది. అలిసిపోయినవాళ్ళకి ఇంకో అలిసిపోయినవాణ్ణి చూస్తే తెలుస్తుంది.

శబ్దం సంగతి చూసే అమ్మాయి పేరు వసుంధర. హాలు వెనక బల్ల మీద కంప్యూటరు, మిషన్లు పరుచుకుని కూర్చుంది. కనకమహాలక్ష్మి ముందు వరసలో బొమ్మ చూస్తుండగా లాజరు కాళ్ళీడ్చుకుంటూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నేను కనకమహాలక్ష్మి హార్మోనిస్టుని. ఆ ట్రాకు శ్రుతి మార్చడం కుదురుద్దా?"

"కుదురుద్దండి. ఒక్క నిమిషం పని. ఎంతకి?"

ఒక్క నిమిషం పని. లాజరు గుండె మీదినుంచి తొమ్మిదేళ్ళ బరువు జారినట్టయింది. "నాలుగున్నరకి దించమ్మా. ఆవిడకి తెలియాల్సిన పని లేదు," అన్నాడు. కానీ ఆ రెండో మాట అనేసరికి వసుంధర చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది.

లాజరు వచ్చి కుర్చీలో కూచున్నాడు. ఆయన చేసిన పొరపాటు ఇదే. ఆయన లోకంలో హార్మోనిస్టు చెవిలో పడిన మాట హార్మోనియంలోనే ఉండిపోతుంది. సర్దుబాటు ఎవరికీ కనపడకుండా చెయ్యడమే పనితనం. వసుంధర లోకంలో అలా కాదు. నాలుగు వేదికలు, అరవై అంశాలు, ఏ చిన్న మార్పు జరిగినా అందరికీ వినపడేట్టు చెప్పి, షీటులో ఎక్కించాలి. చెప్పకపోవడమే అక్కడ తప్పు.

కనకమహాలక్ష్మి కొంగు సర్దుకుని మైకు ముందు నిలబడింది. హాలంతా వినపడేలా స్పీకర్లలోంచి వసుంధర గొంతు వచ్చింది.

"విజయ్ గారూ, పద్నాలుగో అంశం, శ్రుతి మార్పు. ఆరునుంచి నాలుగున్నరకి. ఆర్టిస్టు తరఫు హార్మోనిస్టు గారు అడిగారు. షీటులో మార్చుకోండి. అమ్మా, మూడు మెట్లు దించేశానండి, ఇంక మీరు హాయిగా పాడుకోండి."

వంతు కోసం కూర్చున్న కళాకారులు అక్కడొక ఇరవై మంది ఉన్నారు. అందులో నాటకాలవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ నేల చూపులు చూశారు.

కనకమహాలక్ష్మి మైకు ముందునుంచే తల తిప్పింది. లాజరు వైపు చూసింది. నలభై ఏళ్ళుగా స్టేజీ మీదినుంచి ఆయన్ని చూస్తున్న చూపు కాదది. తర్వాత మైకులో, చాలా మామూలుగా, "ఆరే పెట్టమ్మా," అంది.

ఆరులోనే పెట్టారు. తెర మీద రాణి ఒళ్ళో కొడుకుతో కనిపించింది. వయొలిన్లు మొదలయ్యాయి. మొదటి రెండు పాదాలూ ఆవిడ బాగానే పాడింది. తెలిసినవాళ్ళు అయ్యో అనుకునే బాగు అది, మెడనరాలు తాళ్ళలా తేలాయి. లాజరు కాళ్ళు నున్నటి టైల్స్ మీద వాటంతటవే తొక్కుతున్నాయి. కింద పెడళ్ళు లేవు. ఆయన తొక్కుతూనే ఉన్నాడు. నాలుగో పాదం చివర పై షడ్జం మీద నిలబడాలి. గొంతు అక్కడిదాకా వెళ్ళింది, నిలబడలేదు. మళ్ళీ అందుకోబోయింది. ఈసారి గాలి మాత్రమే వచ్చింది.

ట్రాకు ఆగలేదు. దానికేం తెలుసు. తెర మీద రాణి పదకొండు సెకన్లూ నోరు తెరిచి ఏడుస్తూనే ఉంది, శబ్దం లేకుండా.

విజయసారథి స్టేజీ దగ్గరికి వచ్చాడు. "ప్రివ్యూ పెట్టేదే ఇందుకండి. నాలుగున్నరలో ఒక్కసారి చూద్దామా అమ్మా?"

"ఇవాళ్టికి చాలు బాబూ," అంది ఆవిడ. "మంచినీళ్ళిప్పించండి." పక్కనే తన ఫ్లాస్కులో నీళ్ళున్న సంగతి మర్చిపోయింది.

తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురుబదురు కూచున్నారు. అప్పికట్ల వెళ్ళిపోయింది. నిడుబ్రోలులో పూలమ్మే ఆవిడ ఎక్కి, ఇద్దరి మొహాలూ చూసి, అడక్కుండానే ముందుకెళ్ళిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది కనకమహాలక్ష్మి కిటికీలోంచి బయటికి చూస్తూ.

"వేమూరు నాటకం నుంచి."

"ఆపరేషనైన మొదటి నాటకం."

"అవునమ్మా."

"నరసింహానికి తెలుసా?"

"తెలుసు."

"తబలాకి తెలుసు, హార్మోనియానికి తెలుసు. పాడేదానికి తెలీదు." కిటికీ వదిలి ఆయన వైపు తిరిగింది. "మా ఇంట్లో శ్రుతి పెట్టెకి ప్లాస్టరెందుకేశావ్? పాడవుద్దన్నావు."

ఆ ప్లాస్టరు గుర్తొస్తేనే ఆయనకి అన్నిటికంటే ఎక్కువ సిగ్గు. స్టేజీ మీద చేసిందాన్ని జాలి అని సర్దిచెప్పుకోవచ్చు. ఒకరి ఇంటికి వెళ్ళి, వాళ్ళు పెట్టిన కాఫీ తాగి, చేసి వచ్చిందాన్ని ఏమనాలి?

"చెబితే ఏం చేసేదానివి?" అన్నాడు చివరికి.

"మానేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

"నా కోసమా?"

అవునంటే అయిపోయేది. లాజరు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "సగం నీ కోసం. సగం నా కోసం. నువ్వు మానేస్తే నన్ను పిలిచేవాళ్ళు లేరు."

ఆవిడ కవరులోంచి ఫారం నకలు తీసి చూసుకుంది. తర్వాత, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఫారంలో నక్షత్రం కూడా పెట్టానుగా. ఎంత నవ్వుకున్నారో జనం," అంది.

"ఎవరూ నవ్వలేదమ్మా. నేను ఉట్టి కాస్త కిందికి కట్టాను. అంతే. అందుకున్నది నువ్వే. జనం వన్స్‌మోర్ కొట్టింది నీకే."

"కిందికి కట్టావని తెలిస్తే మానేసేదాన్నో, అది చాల్లే అని పాడుకునేదాన్నో. ఏదైనా అది నేను తేల్చుకోవాల్సింది. నాకు ముందు చెబుతానని మాటిచ్చిందీ నువ్వే, అందరికంటే ఆఖర్న నాకు తెలిసేట్టు చేసిందీ నువ్వే." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని లాజరుకి అనిపించింది.

తెనాలి వచ్చింది. ఆవిడ దిగింది. వెళ్ళొస్తా అన్నయ్యా అనలేదు. నలభై ఏళ్ళలో అనకుండా వెళ్ళడం అదే మొదలు. లాజరు రేపల్లె రైలు కోసం సిమెంటు బెంచీ మీద కూచుని, ఎదుటి ప్లాట్‌ఫారం మీద జనం పలచబడేదాకా చూశాడు.

"చెప్పావా?" అంది రిబ్కా తలుపు తీస్తూనే.

"వాళ్ళు చెప్పారు."

"అంటే నువ్వు చెప్పలేదు," అని కాళ్ళకి వేణ్ణీళ్ళు కాచడానికి లోపలికెళ్ళింది.

ఆదివారం చర్చిలో వాయిస్తుంటే వేళ్ళు సరిగా ఆడలేదు. ప్రసంగం మధ్యలో పాస్టరుగారు ఏదో సందర్భంలో మీ మాట అవునంటే అవును అన్నంతలో లాజరు ఉలిక్కిపడి పెడలు తొక్కాడు. హార్మోనియం బుస్సుమంది. పిల్లలు నవ్వారు.

సుబ్రహ్మణ్య షష్ఠికి నందివెలుగులో నాటకం. రెండు నెలల కిందటే ఒప్పుకున్నది. ఆవిడ వస్తుందో రాదో, వచ్చినా ఇంకో హార్మోనిస్టుని పెట్టమందేమోనని కాంట్రాక్టరుకి ఫోన్ చెయ్యాలని నాలుగుసార్లు అనుకుని, నాలుగుసార్లూ మానుకున్నాడు. కీబోర్డు పిల్లవాడెవడో తన స్థానంలో కూచుని ఉంటాడనే అనుకుంటూ బస్సు దిగాడు. ఇంకా పొద్దుగూకలేదు. షష్ఠి తీర్థంలో జీళ్ళ బండ్లు, బొమ్మల దుకాణాలు అప్పుడే సర్దుకుంటున్నాయి. స్టేజీ ముందు హార్మోనియం దించి ఉంది. ఎవరూ లేరు. నడుం పట్టుకుని కూచుని, మెట్ల మీద దుమ్ము తుడిచాడు.

కాసేపటికి కనకమహాలక్ష్మి మేకప్ గదిలోంచి వచ్చింది. సగం వేషం, మొహానికి రంగు అయింది, కిరీటం ఇంకా పెట్టుకోలేదు. భుజాల చుట్టూ శాలువా. వచ్చి హార్మోనియం పక్కన నిలబడింది.

"ప్లాస్టరు పీకేశా," అంది.

లాజరు చెయ్యి మెట్ల మీద ఆగింది.

"నాలుగు రోజులు ఆ శ్రుతి పెట్టె ముందు కూచున్నా. ఆరు పెట్టుకుని పాడా, విరిగింది. ఐదున్నర పెట్టా. అదీ విరిగింది. ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చా. దిగినప్పుడల్లా ఒక పూట ఏడ్చాననుకో. నాలుగున్నర దగ్గర నిలబడింది. నువ్వు పెట్టిన చోటే." ఈ చివరి మాట మెచ్చుకోలో నిష్ఠూరమో లాజరుకి తేలలేదు. రెండూ అయి ఉండొచ్చు.

"ఆ విజయసారథికి ఫోన్ చేశా. నాలుగున్నర అని రాసుకోమన్నా. ఆ గడిలో నక్షత్రం తీసెయ్యమన్నా. సరేనండి, రండి అన్నాడు. ట్రాకుతోనే పాడతా."

"మంచిదమ్మా. ఏ రోజు బయల్దేరాలి? రిజర్వేషను చేయించాలిగా."

ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుంది. "నువ్వు రావద్దులే అన్నయ్యా. నువ్వు ఎదురుగా ఉంటే నీ మొహం చూస్తూ పాడతా. నలభై ఏళ్ళు అట్లాగే పాడా. ఆ ఒక్కటీ నాకు నేను పాడుకోనీ."

లాజరుకి నొప్పి కలిగింది. కలగలేదని ఆయన ఎవరితోనూ అనలేదు. హైదరాబాదు ప్రయాణం కోసమని రిబ్కా ముందే ఇస్త్రీకి పంపిన తెల్ల చొక్కా గుర్తొచ్చింది. "సరేనమ్మా," అన్నాడు.

"కోపం పోలేదు నాకు," అంది ఆవిడ, సామాన్లు లెక్క చెప్పినట్టు. "పోయేటప్పుడు పోద్ది. నాటకమైతే ఆపుకోలేంగా." అని దగ్గింది. ఒకసారి కాదు, రెండుసార్లు. "ఏదీ, నాలుగున్నర ఇవ్వు. ఒకసారి చూసుకుంటా."

ఆవిడ మాట్లాడినంతసేపూ లాజరు మనసు ఎక్కడ తిరిగినా చెవి మాత్రం దాని పని అది చేసుకుంటూనే ఉంది. మార్గశిరం మంచు పట్టింది ఆ గొంతుకి. మాట చివర బొంగురు. పైగా నాలుగు రోజులు ఆరునుంచి దిగుతూ అరిచిన గొంతు. ఇవాళ నాలుగున్నరలో పై షడ్జం నిలబడదు. అర్ధరాత్రి దాటాక మూడో అంకంలో, వెయ్యిమంది ముందు, మొన్న బాపట్లలో అయినట్టే అవుతుంది.

ఆయన కాలు పెడలు మీద పడింది. వేలు నల్ల మెట్టు మీదికి వెళ్ళాల్సింది, తొమ్మిదేళ్ళ అలవాటున దానంతటదే పక్కనున్న తెల్ల మెట్టు మీదికి జరిగింది. నాలుగు. ఆవిడ మెట్ల వైపు చూడ్డంలేదు, ఎప్పుడూ చూడదు. తబలా మీదుండే కొత్తాయన ఎంత చెబితే అంతకి కట్టుకుంటాడు. ఎవరికీ తెలీదు. పద్యం నిలబడుద్ది, వన్స్‌మోర్ వస్తుంది, అందరూ సుఖంగా ఇంటికెళ్తారు.

లాజరు వేలు ఎత్తేశాడు.

"నాలుగున్నరేగా?" అంది ఆవిడ, శబ్దం రాకపోవడం చూసి.

"కాదమ్మా," అన్నాడు లాజరు. "ఇవాళ నాలుగు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. రంగు వేసిన మొహంలో ఏముందో చదవడం కష్టం. తర్వాత వంగి, నలభై ఏళ్ళలో మొదటిసారి, హార్మోనియం మెట్ల వైపు చూసింది.

"ఏదది?"

చూపించాడు. ఉంగరాలున్న వేలితో ఆవిడే ఆ తెల్ల మెట్టు నొక్కి పట్టుకుంది.

"తొక్కు మరి," అంది.

లాజరు తొక్కడం మొదలుపెట్టాడు.